గజపతినగరం దారి, మన కావిడి



 మీలో కొందరు మెంటాడ కొండ కింద ఊళ్లలో సిగ్నల్ కోసం డాబా ఎక్కి కూర్చున్నారని తెలుసు. కొందరు విశాఖ హాస్టళ్లలో, హైదరాబాద్ గదుల్లో ఉన్నారు. అందుకని మాటని సాగదీయను.

నాకిచ్చిన విషయం మన గజపతినగరం చరిత్ర, దాని గొప్పదనం. ఎవరిని అడిగినా ఈ ఊరి చరిత్ర మూడు ముక్కల్లో తేల్చేస్తారు. గజపతి అనేది రాజుల బిరుదు, విజయనగరం పూసపాటివారు పెట్టుకున్నది, ఆ పేరు మీద ఊరు. తర్వాత తెల్లవాళ్ల కాలంలో తాలూకా కచేరీ. ఆ తర్వాత రైలు స్టేషను, హైవే. అదీ చరిత్ర. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఈ చరిత్ర అంతా తూర్పు నుంచి పడమరకి చూస్తుంది. బంగళా అరుగు మీద కూర్చుని కొండవైపు చూసినట్టుంటుంది. నేను ఇవాళ కొండ మీద నిలబడి ఊరివైపు చూసి చెప్తాను.

ముందు నేల సంగతి. గజపతినగరం దగ్గర చంపావతి ఇసుక మేట వేసుకుని, ఎండాకాలం సన్నగా, వానాకాలం ఎర్రగా పారుతుంది. ఆ నీరు ఎక్కడిది? మెంటాడ అవతల, ఆండ్ర కొండల నుంచి దిగింది. ఇప్పుడు ఆండ్ర దగ్గర రిజర్వాయరు కట్టారు. కింద సరిపల్లి దగ్గర డెంకాడ ఆనకట్ట ఉంది. ఆఖరికి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిన్న నదే. కానీ దాని మొదలు మనవాళ్ల ఊళ్లలో, చివర ఉప్పు పండే నేలలో. ఈ ప్రాంతం చరిత్ర చాలావరకు ఈ రెండు కొసల మధ్య నడిచిన నడకే.

ఎందుకంటే కొండ మీద అన్నీ పండుతాయి, ఒక్క ఉప్పు పండదు. చోళ్లు, సామలు, కొర్రలు, కందులు మనవే. చింతపండు, పసుపు, పిప్పళ్లు, అడ్డాకు, కొండచీపుర్లు మనవే. ఉప్పు మాత్రం సముద్రం ఒడ్డు నుంచి రావాలి. పాత రోజుల్లో బంజారాలు ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని, భీమిలి తీరం నుంచి విజయనగరం, గజపతినగరం, సాలూరు మీదుగా కనుమ ఎక్కి జయపురం రాజ్యానికి చేరేవారు. తిరుగు దారిలో ధాన్యం, కొండ సరుకు దింపేవారు. ఇప్పుడు మనం ఎన్‌హెచ్ 26 అంటున్న దారి, మొన్నటిదాకా 43 అన్న దారి, ఎద్దు గిట్టలు తొక్కి తొక్కి చేసిన దారే. పి.కోనవలస ఘాట్‌లో బస్సు మలుపు తిరుగుతున్నప్పుడు ఎప్పుడైనా ఈ సంగతి తలచుకోండి. సాలూరులో అన్ని లారీలు ఎందుకున్నాయో కూడా అప్పుడు అర్థమవుతుంది. ఎద్దులు పోయాయి, లారీలు వచ్చాయి, దారి అదే. మన పిల్లలు ఎంతమంది ఆ లారీల మీద క్లీనర్లుగా మొదలుపెట్టి డ్రైవర్లు అయ్యారో మీకు తెలియనిది కాదు.

ఆ కనుమకి కాపలా ఉండేది. పాచిపెంట జమీందార్లకి జయపురం రాజులు ఇచ్చిన బిరుదు ‘దక్షిణ కవాట యువరాజు’. అంటే దక్షిణపు తలుపు కాచేవాడు అని. రాజులకు బిరుదులు. ఆ తలుపు దగ్గర రాత్రీ పగలూ నిలబడ్డవాళ్లు, బరువులు ఎత్తి పైకి మోసినవాళ్లు ఎవరు? మన తాతలు కాక ఇంకెవరు ఉంటారు ఆ కొండల్లో?

రాజుల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు పోతాను. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో యుద్ధం జరిగింది. విజయనగరం రాజు విజయరామరాజు అక్కడే చనిపోయాడు. ఇది మన జిల్లాలో బడిపిల్లలందరికీ తెలుసు. ఆ తర్వాత ఆయన కొడుకు నారాయణబాబు, ఇంకా పసివాడు, ఎక్కడ తలదాచుకున్నాడు? కొండ జమీందార్ల దగ్గర. కోటలో చోటు లేనప్పుడు కొండ చోటిచ్చింది. కంపెనీవాళ్లు ఆ కుర్రవాడితో రాజీకి వచ్చి జమీ తిరిగి ఇవ్వడానికి కొండల్లో లేవబోతున్న కలవరం కూడా ఒక కారణమే. ఈ రెండో సగం మన ఊళ్లలో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు దగ్గర రోజులకు వద్దాం.

1908-09లో విజయనగరం నుంచి పార్వతీపురం వరకు రైలు పడింది. 1931 నాటికి అది రాయపూర్ దాకా వెళ్లింది. గజపతినగరం స్టేషను ఆ దారిలోనిదే. రైలుతో కొండ సరుకుకి కొత్త గిరాకీ వచ్చింది, దాంతోపాటు కొత్త సావుకార్లూ వచ్చారు. సంతలు పెరిగాయి. మానాపురం పశువుల సంత, రామభద్రపురం కూరగాయల మార్కెట్టు ఈనాటికీ పేరున్నవే. ఒడిశా నుంచి కూడా జనం దిగుతారు. మన ఆడవాళ్లు తెల్లారకముందే గంప నెత్తిన పెట్టుకుని కొండ దిగి, సంత చూసుకుని, పొద్దుగూకే వేళకి మళ్లీ ఎక్కేవారు.

మా నాన్నమ్మ చెప్పేది. ఆమెకి అక్షరం రాదు, కానీ లెక్క వచ్చు. రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఇది ఆమెకి వేలికొసల మీద ఉండేది. సంతలో షావుకారు ఆమె దగ్గర కందులు తీసుకునేటప్పుడు కుంచం మీద శిఖరం లేచేదాకా పోయించుకునేవాడట. అదే ఉప్పు ఇచ్చేటప్పుడు చేత్తో అంచుకి సమంగా కొట్టేసేవాడట. ‘కుంచం ఒకటే నాయనా, చెయ్యే రెండు రకాలు’ అనేది. మన ప్రాంతంలో నాము అని ఒక మాట ఉంది, మీ వయసువాళ్లు విని ఉండరు. వానాకాలం తిండిగింజలు లేని రోజుల్లో షావుకారు దగ్గర ధాన్యం అప్పు తేవడం, పంట రాగానే వడ్డీ గింజలు కలిపి కొలవడం. అలా కొలిచీ కొలిచీ ఆఖరికి గింజల బదులు నేలే కొలిచి ఇచ్చేసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. 1956లో గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటున్నది, పుట్టింది ఈ కొలత సరిచేయడానికే. ఎంతవరకు సరిచేసిందో మీ అమ్మలను అడగండి, వాళ్లు బాగా చెప్తారు.

నేల అన్నాను కదా, అక్కడ కాస్త ఆగుదాం. ఈ పూట నేను మాట్లాడ్డానికి ఒప్పుకున్నది ఈ సంగతి చెప్పడానికే.

1839లో కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో కొండ జమీల మీద మామూలు కోర్టుల అధికారం తీసేసి, కలెక్టరునే ఏజెంటుగా పెట్టింది. ఏజెన్సీ అన్న మాట మనకి అక్కణ్ణుంచే వచ్చింది. అప్పుడు విశాఖ జిల్లాలో చాలా భాగం ఏజెన్సీలోనే ఉండేది. 1863లో మైదానం వైపున్న పెద్ద ఎస్టేట్లను అందులోంచి బయటికి తీసేశారు. అప్పుడు గీసిన గీత, కొద్ది మార్పులతో, నేటికీ మన నెత్తిమీద ఉంది. 1917లో ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఒక చట్టం వచ్చింది. 1950లో రాజ్యాంగం అయిదో షెడ్యూలు వచ్చింది. 1959లో భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని గట్టిపరుస్తూ 1970లో 1/70. ఇవన్నీ ఆ గీత లోపలి ఊళ్లకే.

1/70 ఊరికే రాలేదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరుగుతున్న గిరిజన సభకు వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగాయి. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత శ్రీకాకుళం కొండల్లో ఏం జరిగిందో, ఎన్ని ఇళ్లు తగలబడ్డాయో పెద్దవాళ్లకి తెలుసు. ఆ దారి మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ పెట్టను. 1970 ఫిబ్రవరిలో ఆ రెగ్యులేషన్ వచ్చిందంటే ఆ రెండేళ్ల రక్తం దాని వెనక ఉందని మాత్రం మరవకండి.

అయితే మన సంగతేమిటి? మెంటాడ కొండలెక్కి పడమట దిగితే అనంతగిరి, షెడ్యూల్డు ప్రాంతం. ఉత్తరాన పాచిపెంట, సాలూరు కొండలు, షెడ్యూల్డు ప్రాంతం. ఇవతలి వాలు మీద, గజపతినగరం వైపు చూస్తున్న మన ఊళ్లు? కావు. అదే కొండ, అదే పోడు, అదే జన్ని, అదే కొత్తల పండగ. మేనత్త కొడుకు అవతలి ఊళ్లో ఉంటే వాడి భూమికి 1/70 కాపలా. ఇవతల మన భూమికి ఏ కాపలా లేదు. ఎవరికైనా అమ్ముకోవచ్చు, ఎవరైనా కొనుక్కోవచ్చు, కాగితం మీద వేలిముద్ర పడితే చాలు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. విజయనగరం జిల్లాలోని షెడ్యూల్డు మండలాలు అటు వెళ్లాయి, మనం ఇటు ఉండిపోయాం. ఇప్పుడు మన జిల్లా ఒకటి, ఐటీడీఏ ఉన్న జిల్లా ఇంకొకటి. దరఖాస్తు పట్టుకుని తిరిగినవాళ్లకి ఆ దూరం ఎంతో తెలుసు.

మన ఊళ్లను షెడ్యూలులో చేర్చమని అడగడం న్యాయమే, అడుగుతూనే ఉండాలి. కానీ అది రాష్ట్రపతి ఉత్తర్వుతో తేలే పని. ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. అది తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. షెడ్యూలు గీతతో పనిలేకుండా మనకి వర్తించే చట్టం ఒకటి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం. అడవి భూమి ఎక్కడుంటే అక్కడ అది వర్తిస్తుంది, గీతకి లోపలా బయటా అన్న తేడా లేదు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అడవి భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండా, హక్కు అడగవచ్చు. ఒక్కొక్క కుటుంబమే కాదు, ఊరు మొత్తం కలిసి కూడా అడగవచ్చు. అడ్డాకు కోసే చోటు, పశువులు మేసే చోటు, చేపలు పట్టే గెడ్డ, దేవుడున్న చోటు, వీటికి ఊరి పేర హక్కు ఉంటుంది. మనవాళ్లు పట్టా అనగానే ఎకరాలే చూస్తారు, ఊరి హక్కు సంగతి అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే అసలు బలం అక్కడే ఉంది. ఊరి అడవిని ఒక్కడు అమ్మలేడు.

హక్కు అడిగితే రుజువు చూపించమంటారు. ఇక్కడే చరిత్ర పనికొస్తుంది, జాగ్రత్తగా వినండి. ఈ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో ఏవి రుజువులో రాశారు. ప్రభుత్వ కాగితాలు, పాత రికార్డులు ఉండనే ఉన్నాయి. వాటితోపాటు ఊరి పాత బావులు, సమాధులు, పూజలు చేసే చోట్లు కూడా రుజువే. వంశవృక్షం రుజువే. హక్కు అడుగుతున్నవాడు కాక, వేరే పెద్దవాళ్లు చెప్పిన మాటని రాతలో పెడితే అది కూడా రుజువే. ఇలాంటి వాటిలో రెండు రకాలైనా ఉండాలి. అంటే మీ ఇంటి పక్క ముసలి తాత, ఏమీ తోచక అరుగు మీద కూర్చుని ‘ఆ చింతచెట్టు మా నాన్న నాటిందిరా’ అంటాడు చూడండి, దాన్ని ఎవరైనా రాసి, ఆయన చేత వేలిముద్ర వేయిస్తే అది చట్టం ముందు నిలబడే మాట. రాయకపోతే ఆయనతోపాటే పోతుంది. మన ఊళ్లలో ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు తాతలు పోతున్నారు. ఒక్కొక్కరితో ఎంత భూమి రుజువు పోతోందో లెక్కవేయండి.

కుల ధ్రువపత్రం విచారణ దగ్గరా ఇదే సంగతి. 1993 చట్టం ప్రకారం ధ్రువపత్రం మీద అనుమానం వస్తే విచారిస్తారు. అప్పుడు అడిగే ప్రశ్నలు మనకి చిన్నవిగా కనిపిస్తాయి. మీ తాత ఊరేది? ఇంటిపేరు గలవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారు? పెళ్లి ఎవరు చేయిస్తారు? కొత్త గింజలు ఎప్పుడు తింటారు? నేను చూశాను, బీటెక్ చదివిన పిల్లాడు తడబడ్డాడు. వాడు మనవాడే. వాడికి తెలియదంతే, ఎవరూ చెప్పలేదు. టౌన్లో పుట్టాడు, సంక్రాంతికి రెండు రోజులు ఊరికి వస్తాడు, ఫోను చూసుకుని పోతాడు. తప్పు వాడొక్కడిదే అని నేను అనను.

ఇప్పటిదాకా మన సంగతి ఎవరు రాశారు? వేరేవాళ్లు రాశారు. 1907లో ఫ్రాన్సిస్ అనే దొర విశాఖపట్నం జిల్లా గెజిటీరు రాశాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో గదబల గురించి ఉంది. గదబ ఆడవాళ్లు చెట్టునార తీసి, రంగులద్ది, చారల గుడ్డ నేసుకుంటారని రాశాడు. ఆ నేత ఇప్పుడు మన వైపు ఎవరి ఇంట్లో ఉందో చెప్పండి. గదబల్లో కొందరు కొండల్లో పల్లకీలు మోస్తారని కూడా రాశాడు. పల్లకీలో కూర్చున్న దొరల పేర్లు, వాళ్ల హోదాలు, వాళ్లు ఏ తేదీన ఎక్కడ మకాం వేశారో, అన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. మోసినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. నేను ఆ పుస్తకాలని తిట్టడానికి చెప్పడం లేదు. వాళ్లు రాయబట్టి ఆ చారల గుడ్డ సంగతైనా మిగిలింది. కానీ మోసినవాడి మనవడు చదువుకుని కూడా రాయకపోతే?

ప్రేమతో వచ్చి రాసినవాళ్లూ ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన రోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆయన వాడుక తెలుగు కోసం పోరాడక ముందే పర్లాకిమిడిలో సవరల మాట నేర్చుకున్నాడు. 1931లో సవర భాష వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. కొండదొరల మాట, మన పెద్దలు కూబి అనేది, దాని మీద భద్రిరాజు కృష్ణమూర్తిగారు పెద్ద పుస్తకం రాశారు, 1969లో వచ్చింది. సాలూరు వైపు గదబల మాట మీద భాస్కరరావుగారు 1980లో రాశారు. అంటే మన భాషలకి వ్యాకరణాలు ఉన్నాయి. లిపి లేదు కాబట్టి భాష కాదు అని ఎవరైనా అంటే ఈ పుస్తకాలు చూపించండి.

ఉన్న చిక్కు వేరే. పుస్తకం ఉంది, మాట్లాడేవాళ్లు కొండ పైన మిగిలారు. మన గజపతినగరం వాలు మీద కొండదొరలు చాలామంది ఇళ్లలో ఇప్పుడు తెలుగే. దాన్ని నేను సిగ్గుపడాల్సిన విషయంగా చూడను. ఆ తెలుగులో కూడా మనదైనది ఉంది. దిసారి, జన్ని, ఎజ్జోడు, గెడ్డ, చోడి అంబలి, ఈ మాటలు మనం మాట్లాడే తెలుగులో బతికే ఉన్నాయి. టౌన్ బడికి వెళ్లి మన పిల్లలు ముందు మానేసేది ఈ మాటలే. ‘ఎజ్జోడు’ అంటే నవ్వుతారని. థింసా మాత్రం మానలేదు, సంతోషం. కానీ తుడుము, కిరిడి, మోరి వాయించడం రానివాళ్లు స్పీకరు పెట్టి థింసా ఆడుతున్నారు. మంత్రిగారు వస్తే స్టేజీ ముందు ఒక వరస, ఫోటో, అయిపోయింది. దండలో చేతులు కట్టుకున్నప్పుడు పక్కవాళ్ల అడుగు చూసి అడుగు వేయడం, ముసలమ్మ నుంచి పిల్లదాని వరకు ఒక్క వరసలో ఉండడం, అదీ థింసా. ఇది నా అభిప్రాయం, కుర్రాళ్లు కోప్పడకండి.

ఇక ఊరి పేర్లు. మన చుట్టూ ఎన్ని వలసలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? మర్రివలస, కుంటినవలస, డొంకినవలస, కొత్తవలస. వలస అంటే ఎక్కడినుంచో కదిలి వచ్చి కట్టుకున్న ఊరు. ఎక్కడినుంచి? ఎందుకు? కరువా, తగవా, పులి భయమా, జమీందారు పన్నా? ప్రతి వలస పేరు వెనక ఒక ప్రయాణం ఉంది. దాన్ని ఏ గెజిటీరూ రాయలేదు. మీ ఊళ్లో పదిళ్లు తిరిగితే పది కథలు చెప్తారు, అవి ఒకదానితో ఒకటి కలవవు. కలవనివ్వండి, కలవకపోనివ్వండి, అన్నీ రాయండి. ఎవరి కథ నిజమో తేల్చడం మొదటి రోజు పని కాదు.

ఈ పని ఇప్పుడే ఎందుకు అంటారా? మన గుమ్మంలోకి ఒక పెద్ద విషయం వచ్చింది కాబట్టి.

రాష్ట్ర విభజన చట్టం 2014లో గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామని రాశారు. 2019లో పార్లమెంటు చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం దగ్గర కొండకరకంలో అద్దె ఇంట్లో ఉన్నట్టు మొదలైంది. సొంత ఇల్లు ఎక్కడ? మొదట కొత్తవలస మండలం రెల్లి దగ్గర అన్నారు, తర్వాత మన వైపుకి మార్చారు. మెంటాడ, దత్తిరాజేరు మండలాల సరిహద్దున, చినమేడపల్లి, మర్రివలస ప్రాంతంలో, 560 ఎకరాలకు పైగా. 2023 ఆగస్టు 25న శంకుస్థాపన చేశారు. గజపతినగరం బస్టాండులో దిగినవాళ్లు యూనివర్సిటీకి దారెటు అని అడిగే రోజులు వచ్చాయి. ఊరి గొప్పదనం గురించి చెప్పమన్నారు కదా, నా మట్టుకు నాకు ఇదే గొప్ప. నా చిన్నప్పుడు గజపతినగరం హైస్కూలు దాకా రావడమే మాకు పెద్ద చదువు.

కానీ ఆ గోడలు లేస్తున్నంతలో మనం ఆలోచించవలసినవి ఉన్నాయి. దేశంలో నలుమూలల నుంచి పిల్లలు చదవడానికి వస్తారు, మేష్టర్లు వస్తారు. గిరిజనుల మీద పరిశోధన చేయడానికే కొందరు వస్తారు. వాళ్లు మొదట ఎక్కడికి వస్తారు? గేటు దాటితే మన ఊళ్లే. చేతిలో ప్రశ్నల కాగితం పట్టుకుని మీ తాత దగ్గర కూర్చుంటారు. మంచిదే, రానివ్వండి, మంచినీళ్లు ఇవ్వండి. కానీ ఆ రోజుకి మీ దగ్గర మీరు రాసుకున్న నోట్‌బుక్కు ఉంటే మీ మాటకి ఒక బలం ఉంటుంది. ‘మా ఊరి మీద మేం ఇది రాసుకున్నాం, మీరు ఏం కలుపుతారు’ అని అడగగలుగుతారు. లేదంటే నూట పదిహేనేళ్ల కిందట థర్‌స్టన్ ముందు మన ముత్తాతలు ఎలా నిలబడ్డారో మనమూ అలాగే నిలబడతాం. కాకపోతే ఈసారి ఫోటో రంగుల్లో పడుతుంది.

ఇంకొకటి. ఆ విశ్వవిద్యాలయంలో సీట్లకి మన పిల్లలు ఎంతమంది పరీక్ష రాస్తున్నారు? సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్షకి దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో కూడా మన ఊళ్లకి కబురు అందడం లేదు. పక్కింట్లో పెళ్లి జరుగుతుంటే మనకి శుభలేఖ రాలేదని గోడ మీంచి తొంగిచూస్తున్నట్టుంది మన పరిస్థితి. ఇంటర్ చదువుతున్న పిల్లలున్న ప్రతి ఊళ్లో ఒక్కరు ఈ బాధ్యత తీసుకోండి. దరఖాస్తు తేదీ ఊళ్లో గోడ మీద రాయండి. సంఘం వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య అది కూడా ఒకటి పెట్టండి.

రాయడం ఎలా అని ఇందాక ఒక చెల్లి చాట్‌లో అడిగింది. పెద్ద విద్య ఏమీ కాదమ్మా. ఫోన్లో రికార్డరు ఉంది, తాత పక్కన పెట్టు. ప్రశ్నలు వరసగా వేసి కోర్టులో సాక్షిని అడిగినట్టు అడగకు. చింతచెట్టు కిందకి తీసుకెళ్లి కూర్చోబెట్టు, పొలం గట్టు మీద నడిపించు. చోటు చూస్తే మాట దానంతట అదే వస్తుంది. ఇంటికి వచ్చాక విన్నది విన్నట్టు రాయి, ఆయన మాట యాస సరిదిద్దకు. పేజీ పైన తేదీ, ఊరు, పంచాయతీ, మండలం, చెప్పినవారి పేరు, సుమారు వయసు రాయి. కొండకి మీ ఊళ్లో వాడే పేరు, గెడ్డ పేరు, పొలం పేరు తప్పకుండా రాయి, రెవెన్యూ కాగితంలో ఉన్నది కాదు, మీరు పిలిచేది. ఆఖర్న చదివి వినిపించి సంతకమో వేలిముద్రో వేయించి, పక్కన ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించు. రెండు ప్రతులు తీసి ఒకటి ఆ ఇంట్లోనే ఉంచు. దాచమంటే దాచు. కొందరు పెద్దలు పూజ సంగతులు బయటికి చెప్పొద్దంటారు, వాటిని రాయకు.

ముందు ఆడవాళ్లని అడగండి. భూమి ఎప్పుడు పోయిందో మగవాళ్లు సంవత్సరం చెప్తారు. ఏ బిడ్డ కడుపులో ఉండగా పోయిందో, ఆ ఏడు ఏం తిన్నారో ఆడవాళ్లు చెప్తారు. సంవత్సరం తప్పు కావచ్చు, బిడ్డ వయసు తప్పు కాదు.

ఈ దీపావళి సెలవులకి ఇంటికి వెళ్లేవాళ్లు చేతులెత్తండి... సరే, స్క్రీన్ మీద పదిహేడు చేతులు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కరు ఒక్క పెద్దావిడ మాట రాసుకుని రండి. మళ్లీ కలిసినప్పుడు చదువుకుందాం. మీ అడ్డాకుల మూటలు దించుకునే వేళ అయింది, అమ్మలు లేచి వెళ్తున్నారు. నేనూ ఆపుతాను. జోహార్.